డ్రాయింగ్ మెషిన్‌లో పెన్ను లేపే సర్వో మోటారుకు ఆర్డునో బోర్డు 5 వోల్టుల పిన్ నుంచే కరెంటు ఇవ్వొచ్చా?

ఇవ్వకపోవడమే మంచిది, సర్వోకు విడిగా 5 వోల్టుల, కనీసం 1 ఆంపియర్ సప్లై పెట్టి, దాని గ్రౌండ్‌ను ఆర్డునో గ్రౌండ్‌తో కలపాలి.

ఎస్‌జీ90 లాంటి చిన్న సర్వో ఊరికే ఉన్నప్పుడు కొద్ది మిల్లీఆంపియర్లే తీసుకుంటుంది. కదలబోయినప్పుడో, పెన్ను హోల్డర్ ఎక్కడైనా పట్టేసినప్పుడో 600-700 దాకా లాగుతుంది. ఆర్డునో ఊనో బోర్డులో యూఎస్‌బీ వైపు ఫ్యూజు 500 మిల్లీఆంపియర్లదే. ఆ క్షణం వోల్టేజీ పడిపోయి బోర్డు రీసెట్ అవుతుంది. 12 వోల్టుల అడాప్టర్ పెట్టినా లాభం లేదు: బోర్డు మీది రెగ్యులేటర్ మిగతా 7 వోల్టులను వేడిగా మార్చి వదలాలి, చెయ్యి పెట్టలేనంతగా కాలుతుంది.

వరంగల్ కోట తోరణం బొమ్మ గీయిస్తున్నారనుకోండి. రెండు స్తంభాలు అయ్యాయి, పైన హంస దగ్గర పెన్ను లేవగానే రీసెట్. మెషిన్ అక్కడే సున్నా అనుకుంటుంది, తర్వాతి గీత హంస మీంచి అడ్డంగా పోతుంది. ఇలా కాకుండా, మెషిన్‌ను కదిపే స్టెప్పర్ మోటార్ల 12 వోల్టుల సప్లైకే ఎల్ఎం2596 బక్ కన్వర్టర్ (వోల్టేజీ తగ్గించే చిన్న బోర్డు) తగిలించి, సర్వో కలపకముందే మల్టీమీటర్‌తో చూస్తూ 5 వోల్టులు వచ్చేలా దాని స్క్రూ తిప్పుకోండి. సర్వో ఎరుపు, గోధుమ వైర్ల మధ్య 470 మైక్రోఫారడ్, 16 వోల్టుల కెపాసిటర్ పెట్టండి. మైనస్ చార ఉన్న కాలు గోధుమ వైపే ఉండాలి.

2 ఆంపియర్ల అడాప్టర్ పెడితే సర్వో కాలిపోతుందని చాలామంది భయం. కాలదు, తనకు కావాల్సినంతే తీసుకుంటుంది. కాల్చేది ఎక్కువ వోల్టేజీ.