నాన్నకు ఆయాసం, రేకుల ఫ్యాక్టరీ ఉద్యోగం: పరిహారం వస్తుందా?

తమ్ముడూ, మీ నాన్నగారు విజయవాడ దగ్గర సిమెంట్ రేకుల ఫ్యాక్టరీలో 18 ఏళ్లు కోత పని చేసి, మానేసిన పదేళ్లకు ఆయాసం మొదలైందన్నారు. ‘ఇప్పుడు అడిగితే నవ్వుతారేమో’ అన్న టెన్షన్ వద్దు. ఆ రేకుల్లో కలిపే ఆస్‌బెస్టాస్ (సన్నని పీచులాంటి ఖనిజం) దుమ్ముతో వచ్చే జబ్బులు బయటపడటానికే 10 నుంచి 40 ఏళ్లు పడుతుంది.

ముందు జబ్బు తేలాలి. ఊపిరితిత్తుల డాక్టర్‌కి చూపించి హెచ్‌ఆర్‌సీటీ స్కాన్ (ఊపిరితిత్తుల్ని వివరంగా చూపేది), శ్వాస పరీక్ష చేయించండి. ఏం పని, ఎన్నేళ్లు అన్నది మీరే చెప్పి చీటీలో రాయించండి. డాక్టర్లు అడగరు, మనం చెప్పం, చివరికి టీబీ అనుకుని ఆ మందులు మింగుతూ కూర్చుంటాం! బీడీ ఉంటే ఈరోజే మాన్పించండి, పొగ, ఆస్‌బెస్టాస్ రెండూ కలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు బాగా పెరుగుతుంది.

ఆస్‌బెస్టోసిస్ (ఆ దుమ్ముతో ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు) చట్టం గుర్తించిన వృత్తి వ్యాధి, అంటే పని వల్ల వచ్చే జబ్బు. నాన్నగారి జీతంలోంచి ఈఎస్‌ఐ (కార్మికుల బీమా) డబ్బు కట్ అయి ఉంటే పరిహారం గురించి విజయవాడ గుణదల ఈఎస్‌ఐ ఆసుపత్రిలో అడగండి, లేకపోతే కార్మిక శాఖ ఆఫీసులో. గడువు ఉంటుంది, రిపోర్టు రాగానే కదలండి.

పాత కాగితాలు లేవంటే యాజమాన్యాన్ని వదలొద్దు. కార్మికుల ఆరోగ్య రికార్డులు చేరిన నాటి నుంచి 40 ఏళ్లు లేదా రిటైరయ్యాక 15 ఏళ్లు, ఏది తర్వాతైతే అంతవరకు దాచాలని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. పీఎఫ్ పాస్‌బుక్, తోటి కార్మికుల వాంగ్మూలం కూడా పనికొస్తాయి.