నైఫ్‌లో కె ఎందుకు? పాపకు ఇలా చెప్పి చూడండి

ఐదో తరగతి చదివే మీ పాప "నైఫ్‌లో కె పలకనప్పుడు రాయడం ఎందుకు?" అని అడిగిందనీ, డిక్టేషన్ అంటేనే టెన్షన్ పడుతోందనీ రాశారు. చాలా మంచి ప్రశ్నండీ అది. "అదంతే, బట్టీ పట్టు" అని మాత్రం అనకండి.

ఆ కె ఒకప్పుడు పలికేదే. పాత ఇంగ్లీషులో కత్తికీ, మోకాలికీ ఉన్న మాటలు 'క్న' శబ్దంతోనే మొదలయ్యేవి. జర్మన్లు మోకాలిని ఇప్పటికీ 'క్నీ' అంటారు. నైట్ (రాత్రి), లైట్ మధ్యలో ఉండే జిహెచ్ కూడా ఒకప్పుడు గొంతులోంచి వచ్చే 'ఖ్' లాంటి శబ్దమే. 1476లో విలియం కాక్స్‌టన్ అనే ఆయన లండన్ పక్కనున్న వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాక స్పెల్లింగులు మెల్లగా కుదురుకున్నాయి. పలుకుబడి మాత్రం ఆగలేదు, మారుతూనే పోయింది. 'నేమ్' అన్న మాటను ఆ రోజుల ముందు దాదాపు 'నామ' అనే పలికేవారు! సంస్కృతం నుంచి మనం తెచ్చుకున్న 'నామం'కి అది దూరపు చుట్టమే. ఇది చెబితే పిల్లలకు భలే సరదాగా ఉంటుంది.

అన్నీ ఇలా కాదులెండి. డెట్ (debt, అప్పు)లో బి ఇంగ్లీషులో ఎన్నడూ పలకలేదు. ఫ్రెంచి నుంచి వచ్చిన ఆ మాటకు లాటిన్ మూలం కనబడాలని పండితులు తర్వాత చేర్చారు.

ఇంట్లో డిక్టేషన్ చెప్పేటప్పుడు వారం రోజులు పాత పద్ధతిలో 'క్నైఫ్', 'క్నీ' అని పలికించండి. మాటల్ని జంటగా కూడా రాయించండి: సైన్‌లో దాక్కున్న జి సిగ్నేచర్‌లో వినబడుతుంది, బాంబ్‌లో చివరి బి బంబార్డ్‌లో పలుకుతుంది. మా అబ్బాయికి ఇలాగే అలవాటు చేశాను.