బండి ఏ క్షణంలో ఆగుతోంది? క్లచ్ మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకటే గోడు. బండి మధ్యలో ఆగిపోతోంది, మెకానిక్ క్లచ్ మార్చాలంటున్నాడు, మార్చేయమంటారా అని. అందుకే శీర్షిక మొత్తం దీనికే ఇచ్చేశాను. జవాబులు చదివేముందు ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. ఇంజిన్ ఏ క్షణంలో ఆగింది, అప్పుడు మీ ఎడమ కాలు ఎక్కడుంది, ఈ రెండూ చెప్పగలిగితే సగం రోగం తెలిసిపోయినట్టే. గ్యారేజీకి వెళ్లి "ఆగిపోతోంది" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటే అవతలివాడు తనకు తోచింది మారుస్తాడు, బిల్లు మీరు కడతారు.

ప్రశ్న: మాది 2015 మోడల్ పెట్రోల్ కారు. డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో స్లో చేసి క్లచ్ తొక్కగానే ఇంజిన్ ఆగిపోతోంది. ఏసీ వేసి ఉంటే మరీ ఎక్కువ. వెంటనే సెల్ఫ్ కొడితే స్టార్ట్ అవుతుంది. హైవే మీద ఏ ఇబ్బందీ లేదు. క్లచ్ సెట్ మొత్తం మార్చాలన్నారు. నిజమేనా? (బ్యాంకు ఉద్యోగి, శ్రీకాకుళం)

జవాబు: ఆగండి, ఇంకా డబ్బులివ్వకండి. క్లచ్ తొక్కారంటే ఇంజిన్‌కీ చక్రాలకీ సంబంధం తెగిపోయింది. ఆ క్షణంలో ఇంజిన్ తన మానాన తాను తిరగాలి. అలా తిరగలేక చచ్చిపోతోందంటే లోపం ఇంజిన్ స్లో రన్నింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా అది తిరిగే తీరులో ఉంది, క్లచ్ ప్లేట్‌లో కాదు. క్లచ్ వల్ల ఇలా జరిగే అవకాశం ఒక్కటే ఉంది. పెడల్ పూర్తిగా తొక్కినా ప్లేట్ విడిపోకుండా ఈడ్చుకుంటూ ఉంటే గేర్‌లో ఉన్న బండి ఆగేటప్పుడు ఇంజిన్‌ని కూడా ఆపేస్తుంది. అది తేల్చుకోవడం తేలిక. ఈసారి ఆగబోయే ముందే న్యూట్రల్ చేయండి. అయినా ఆగిపోయిందా, క్లచ్‌ని పక్కన పెట్టేయండి.

ఇంకో పరీక్ష ఇంటి దగ్గరే చేసుకోవచ్చు. ఇంజిన్ బాగా వేడెక్కాక న్యూట్రల్‌లో హ్యాండ్‌బ్రేక్ వేసి ఆర్‌పీఎం ముల్లు (ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపేది) చూడండి. చాలా పెట్రోల్ కార్లలో అది 700, 900 మధ్య నిలకడగా ఉండాలి. ఇప్పుడు ఏసీ వేయండి. ముల్లు ఒక్క క్షణం కిందికి దిగి వెంటనే లేచి, ముందుకంటే కాస్త పైనే నిలబడాలి. మీ బండిలో అది 500 దాకా జారి, బానెట్ వణికి, ఒక్కోసారి ఆగిపోతుందని నా అనుమానం. మీరు చెప్పిన లక్షణాలన్నీ అటే చూపిస్తున్నాయి.

కారణం ఎక్కువసార్లు థ్రాటిల్ బాడీలో, అంటే ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే భాగంలో పేరుకున్న మసి. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసినప్పుడు ఇంజిన్‌కి గాలి అందేది సన్నటి సందులోంచే. ఏళ్ల తరబడి అక్కడ నల్లగా జిగురుగా కార్బన్ పట్టేస్తుంది, సందు ఇంకా సన్నబడుతుంది. ఏసీ కంప్రెసర్ భారం మీద పడగానే ఊపిరాడక ఇంజిన్ ఆగిపోతుంది. హైవే మీద మీరు యాక్సిలరేటర్ తొక్కే ఉంటారు, దారి తెరుచుకునే ఉంటుంది కాబట్టి అక్కడ బాధ తెలియదు. థ్రాటిల్ బాడీ క్లీనర్ స్ప్రే, మెత్తటి గుడ్డ, కొంచెం ఓపిక ఉంటే పోయే జబ్బు ఇది. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ ఉన్న బండ్లలో గాలి దారిని మూసి తెరిచే రేకుని వేలితో బలవంతంగా తొయ్యనివ్వకండి, లోపలి గేర్లు దెబ్బతింటాయి. క్లీన్ చేశాక కొన్ని మోడళ్లలో స్కానర్ పెట్టి స్లో రన్నింగ్ మళ్లీ సెట్ చేయాల్సి వస్తుంది, లేకపోతే కొన్నాళ్లు ఆర్‌పీఎం ఎక్కువగా ఉంటుంది. పనిలో పనిగా ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్గులు, వాక్యూమ్ పైపుల్లో పగుళ్లు, బ్యాటరీ టెర్మినళ్లు కూడా చూడమనండి. ఇవేవీ గేర్‌బాక్స్ దించాల్సిన పనులు కావు.

ఒక్కటి మాత్రం వాయిదా వేయకండి. కదులుతున్న బండిలో ఇంజిన్ ఆగిపోతే స్టీరింగ్ బరువెక్కుతుంది, బ్రేక్ కూడా ఒకటి రెండు తొక్కుళ్ల దాకానే తేలిగ్గా పనిచేస్తుంది, ఆ తర్వాత రాయిలా గట్టిపడుతుంది. అలాంటప్పుడు బ్రేక్‌ని పంపు కొట్టినట్టు కొట్టకుండా ఒకే పట్టున గట్టిగా తొక్కి పక్కకు తీయండి, బండి పూర్తిగా ఆగేదాకా తాళం మాత్రం బయటికి లాగకండి, స్టీరింగ్ లాక్ పడిపోతుంది. పదహారో నంబరు హైవే మీద లారీల మధ్య ఇది జరగక్కర్లేదు, ఈ వారమే చూపించుకోండి.

ప్రశ్న: కుటుంబంతో అరకు వెళ్లాం. ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే ముందు బండ్లు ఆగి ఆగి కదులుతున్నాయి. కాసేపటికి కాలిన వాసన మొదలైంది, తర్వాత రేసు ఇస్తే ఇంజిన్ అరుస్తోంది కానీ బండి ఎక్కదు. అరగంట ఆపాక మామూలైంది. కిందికి వచ్చాక బాగానే ఉంది. క్లచ్ పోయినట్టేనా? (ప్రైవేటు ఉద్యోగి, విజయనగరం)

జవాబు: పోయిందో లేదో ఇప్పుడే చెప్పలేం కానీ ఆ రోజు దాని ఆయుష్షులో పెద్ద ముక్క మాత్రం ఖర్చయింది. ముందు ఏం జరిగిందో అర్థం చేసుకోండి. ఇంజిన్‌తో పాటు తిరిగే ఫ్లైవీల్ అనే బరువైన చక్రానికీ, స్ప్రింగు బలంతో నొక్కి పట్టే ప్రెజర్ ప్లేట్‌కీ మధ్య క్లచ్ ప్లేట్ నొక్కుకుని ఉంటుంది. పెడల్ పూర్తిగా వదిలితే మూడూ ఒకటై తిరుగుతాయి, అరుగుదల ఉండదు. పూర్తిగా తొక్కితే విడిపోతాయి, అప్పుడూ ప్లేట్ అరగదు. అరిగేదంతా మధ్యలోనే, మనం హాఫ్ క్లచ్ అనేదాంట్లో. ఎత్తు మీద బండి వెనక్కి జారకుండా బ్రేక్ బదులు హాఫ్ క్లచ్‌తో, కొంచెం రేసుతో నిలబెట్టి ఉంచారంటే బండి బరువంతా ఆ ప్లేట్ లైనింగ్ రాపిడి మీద మోస్తున్నట్టే. మీరూ అదే చేశారనుకుంటున్నాను, ఎందుకంటే ఘాట్‌లో క్యూ కడితే చాలామంది చేసేది అదే.

ఇప్పుడు పరీక్ష. ఖాళీ రోడ్డు మీద, కాస్త ఎత్తు ఉంటే మరీ మంచిది, నాలుగో గేర్‌లో 40 స్పీడులో వెళ్తూ యాక్సిలరేటర్ ఒక్కసారి అడుగుదాకా తొక్కండి. ముల్లూ స్పీడూ కలిసి నెమ్మదిగా పెరిగితే క్లచ్ పట్టు బాగానే ఉంది. ముల్లు ఒక్క గంతులో పైకి లేచి, స్పీడు ఎక్కడిదక్కడే ఉండిపోతే ప్లేట్ జారుతోంది, మార్చక తప్పదు. కాలిన వాసన ఒక్కసారి వచ్చి మళ్లీ ఎప్పుడూ రాకపోతే, ఈ పరీక్షలో నెగ్గితే, నిశ్చింతగా నడుపుకోండి. హ్యాండ్‌బ్రేక్ వేసి టాప్ గేర్‌లో క్లచ్ వదిలి ఇంజిన్ ఆగుతుందో లేదో చూసే పద్ధతి కూడా ఉంది, కానీ దాన్ని సరదాకి పదేపదే చేస్తే బాగున్న ప్లేటు కూడా కాలుతుంది.

మళ్లీ ఘాట్ ఎక్కేటప్పుడు ఆగిన ప్రతిసారీ హ్యాండ్‌బ్రేక్ లాగి, న్యూట్రల్ చేసి, రెండు కాళ్లూ తీసేయండి. ముందు బండి ఒక అడుగు కదిలిందని మీరూ ఒక అడుగు కదలొద్దు. వెనకవాడు హారన్ కొడితే కొట్టనివ్వండి, రెండు మూడు బండ్లు పట్టేంత ఖాళీ వచ్చాక ఒకేసారి కదిలి, ఫస్ట్ గేర్‌లో క్లచ్ పూర్తిగా వదిలేసి వెళ్లండి. కదిలే పద్ధతి కూడా వినండి. హ్యాండ్‌బ్రేక్ వేసే ఉంచి ఫస్ట్ గేర్ వేయండి, కొద్దిగా రేసు ఇస్తూ క్లచ్ నెమ్మదిగా పైకి రానివ్వండి. ఒకచోట ఇంజిన్ శబ్దం బరువెక్కుతుంది, బండి ముందు భాగం కొంచెం లేచినట్టు తెలుస్తుంది. అక్కడ కాలు ఆపి హ్యాండ్‌బ్రేక్ దించండి. వెనక్కి జానెడు కూడా జారదు. సాలూరు లారీ డ్రైవర్లు కోరాపుట్ ఘాట్‌లో నిండు లోడుతో ఎక్కేటప్పుడు ఎప్పుడైనా గమనించండి, తొందరపడరు, చిన్న గేర్‌లో పడి ఎక్కుతూనే ఉంటారు.

వాసన మొదలైతే వెంటనే వెడల్పు చోటు చూసి ఆపండి. అరగంట ఆపి మీరు మంచి పనే చేశారు. వేడెక్కిన క్లచ్ మీద నీళ్లు పోసే ప్రయత్నం మాత్రం ఎప్పుడూ చేయొద్దు.

ఒకవేళ మార్చాల్సి వస్తే ప్లేట్, ప్రెజర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కినప్పుడు ప్రెజర్ ప్లేట్‌ని నొక్కి క్లచ్‌ని విడదీసేది) మూడూ కలిపే మార్పించండి. గేర్‌బాక్స్ దించి ఎక్కించే కూలీ ఎలాగూ ఒకటే. ఫ్లైవీల్ మీద నీలం మచ్చలు, గీతలు ఉన్నాయేమో మీ కళ్లతో చూడండి, క్రాంక్ వెనక ఆయిల్ సీల్ కారుతోందేమో కూడా, ఎందుకంటే అది కారితే కొత్త ప్లేటు కూడా నూనెలో నాని జారుతుంది. పాత ప్లేట్ అడిగి చేతిలోకి తీసుకోండి. రివెట్ తలలు లైనింగ్ కంటే లోపలికి దిగి ఉంటే దానిలో ఇంకా ప్రాణం ఉన్నట్టు, లైనింగ్‌తో సమానంగా కనబడుతుంటే అది నిజంగానే అయిపోయినట్టు. ఈ ఒక్క చూపుతో మీకు నిజం చెప్పారో లేదో తెలిసిపోతుంది.

ప్రశ్న: క్లచ్ తొక్కితే గరగరమని శబ్దం, వదిలితే పోతుంది. (చీపురుపల్లి)

జవాబు: రిలీజ్ బేరింగ్. ఇప్పుడప్పుడే బండి ఆగిపోదు గానీ అది పూర్తిగా పట్టేస్తే ప్రెజర్ ప్లేట్‌కి వేళ్లలా ఉండే స్ప్రింగు కొసలను కూడా తినేస్తుంది. దీనికి తిరగబడ్డ లక్షణం, అంటే న్యూట్రల్‌లో కాలు తీసి ఉంచితే శబ్దం వచ్చి తొక్కితే పోవడం, అది గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ (క్లచ్ నుంచి గేర్‌బాక్స్‌లోకి వెళ్లే ఇరుసు) బేరింగ్ వైపు చూపిస్తుంది. మెకానిక్‌కి ఈ తేడా స్పష్టంగా చెప్పండి. గేర్ మార్చాక ఎడమ కాలు పెడల్ మీదే ఉంచే అలవాటుంటే మానుకోండి, ఆ బేరింగ్ ముందుగా పోయేది దాంతోనే.

ప్రశ్న: హైదరాబాద్‌లో పని. కారు సోంపేటలో మా ఇంటి దగ్గరే నెలల తరబడి ఉండిపోయింది. పండక్కి వచ్చి స్టార్ట్ చేస్తే ఇంజిన్ బాగానే ఉంది కానీ గేర్ పడటం లేదు. గేర్ వేసి సెల్ఫ్ కొడితే బండి ముందుకు దూకి ఆగిపోతోంది. (సోంపేట)

జవాబు: మీ వైపు నుంచి ఈ ప్రశ్న వస్తూనే ఉంటుంది. ఉద్దానంలో ఇంటింటికీ ఒకరు బయటి ఊళ్లో పనిచేస్తారు, బండి మాత్రం కొబ్బరిచెట్ల కింద సముద్రపు గాలికి నానుతుంటుంది. ఆ తేమకి ఫ్లైవీల్ మీద తుప్పు పట్టి క్లచ్ ప్లేట్ దానికి అతుక్కుపోతుంది. పెడల్ ఎంత తొక్కినా విడిపోదు. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు గేర్లన్నీ హాయిగా పడుతున్నాయా? అయితే గేర్‌బాక్స్‌కి ఏమీ కాలేదు.

ముందు పెడల్ చూడండి. కింద పడిపోయి పైకి రాకపోయినా, మెత్తగా ఉన్నా, హైడ్రాలిక్ (ద్రవం ఒత్తిడితో పనిచేసే) క్లచ్ అయితే ఫ్లూయిడ్ కారిపోయి ఉండొచ్చు, కేబుల్ అయితే తుప్పు పట్టి బిగుసుకుని ఉండొచ్చు. అవి బాగుంటేనే అతుకు సంగతి. ఇంజిన్‌ని బాగా వేడెక్కించి, ఆపి, ఎదురుగా ఏ అడ్డూ లేని ఖాళీ మైదానంలో గేర్‌లోనే స్టార్ట్ చేసి, క్లచ్ పూర్తిగా తొక్కి పట్టుకుని రేసు ఇస్తూ తీస్తూ పోతే చాలాసార్లు టక్కుమని విడిపోతుంది. కానీ సెల్ఫ్ కొట్టగానే బండి ముందుకు కదులుతుంది కాబట్టి ఇంటి వాకిట్లో, గోడ ముందు, పిల్లలు తిరిగే చోట చేయనే కూడదు. నా మాట వినండి, అలవాటున్న మెకానిక్‌ని పిలిచి చేయించండి. అతుకు విడిపోయాక మొదట కాసేపు బండి కుదుపుతో కదిలితే కంగారుపడకండి, ఆ తుప్పు రాలిపోయేదాకా అంతే.

మళ్లీ వెళ్లేటప్పుడు ఇంట్లో ఎవరైనా వారానికోసారి స్టార్ట్ చేసి ఊరి చివరిదాకా నడిపేలా చూడండి. ఊరికే స్టార్ట్ చేసి ఆపేస్తే క్లచ్‌కి ఉపయోగం లేదు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ ఉంటుంది, అది తేమను పీల్చుకుంటుంది కాబట్టి పాత పెట్రోల్‌తో నెలలు గడిపాక వచ్చే ముక్కుళ్లు, ఆగిపోవడాలు వేరే కథ. కొత్త పెట్రోల్ పోయించి చూడండి.

ప్రశ్న: కొత్త క్లచ్ సెట్ వేయించాక కదిలేటప్పుడు ఇంజిన్ పదేపదే ఆగిపోతోంది. మోసం జరిగిందా? (పార్వతీపురం)

జవాబు: అలా అనుకోవక్కర్లేదు. పాత ప్లేట్ అరిగేకొద్దీ క్లచ్ పట్టే చోటు పైపైకి పోయింది, మీ కాలు దానికే అలవాటు పడింది. కొత్తది కిందనే పట్టేస్తుంది. కొన్నాళ్లు మెల్లగా వదలండి. పెడల్ నేల మీద నుంచి లేచీలేవకముందే పట్టేస్తుంటే, గేర్ కరకరలాడుతూ పడుతుంటే మాత్రం కేబుల్ అడ్జస్ట్‌మెంట్ లేదా పైపులో గాలి చూడమని వెనక్కి తీసుకెళ్లండి.

ప్రశ్న: నేను ఈమధ్యే డ్రైవింగ్ నేర్చుకుంటున్నాను. ఎప్పుడు కదిలించినా బండి ఆగిపోతుంది. మావారు పక్కన కూర్చుని, క్లచ్ కాల్చేస్తున్నావని కేకలు. దాంతో టెన్షన్, ఇంకా ఆగిపోతుంది. (గృహిణి, బొబ్బిలి)

జవాబు: అమ్మా, ముందు మీవారికి ఈ మాట చదివి వినిపించండి. బండి ఆగిపోవడం వల్ల క్లచ్ కాలదు. భయపడి ఎక్కువ రేసు ఇచ్చి హాఫ్ క్లచ్‌లో ఈడిస్తేనే కాలుతుంది. ఆయన కేకలు మిమ్మల్ని ఆ రెండో పనికి నెడుతున్నాయి.

రెండో సంగతి సీటు. ఆయన కోసం వెనక్కి జరిపిన సీట్లోనే మీరు కూర్చుంటున్నారేమో చూడండి. పెడల్ పూర్తిగా తొక్కాక కూడా మీ మోకాలు కొంచెం వంగి ఉండాలి, అంతవరకూ సీటు ముందుకు జరపండి. కాలు చాచి వేళ్ల కొసలతో తొక్కుతుంటే ఎవరి వల్లా కాదు. మందపాటి అడుగున్న చెప్పులు కూడా వద్దు, పెడల్ ఎక్కడ పడుతోందో పాదానికి తెలియదు.

ఇక ఉదయం పూట సమంగా ఉన్న ఖాళీ మైదానానికి వెళ్లండి. ఫస్ట్ గేర్ వేసి, యాక్సిలరేటర్ అసలు ముట్టుకోకుండా, మడమ నేల మీద ఆనించి క్లచ్ చాలా నెమ్మదిగా వదలండి. ఒకచోట ఇంజిన్ శబ్దం తగ్గి బండి పాకడం మొదలవుతుంది. అక్కడే పాదం ఒక్క క్షణం ఆపి, బండి సాఫీగా సాగాక మిగతాది వదిలేయండి. మళ్లీ పూర్తిగా తొక్కి బ్రేకేసి ఆపండి. ఈమధ్య పెట్రోల్ కార్లు చాలావరకు ఇలా రేసు లేకుండానే కదులుతాయి. పాదానికి ఆ చోటు తెలిసేదాకా ఇదొక్కటే చేయండి, మధ్యమధ్యలో బండిని కాస్త చల్లారనివ్వండి. తర్వాతే యాక్సిలరేటర్ కలపండి. ఎత్తు మీద కదలడం పైన విజయనగరం వారికి చెప్పిన హ్యాండ్‌బ్రేక్ పద్ధతిలోనే, ట్రాఫిక్ లేని చోట, మొదట్లో మీవారు కాకుండా ఓపికున్న వాళ్లెవరైనా పక్కన ఉండగా నేర్చుకోండి.