పార్లమెంటు కమిటీకి మన మాట చేరాలంటే

ప్రశ్న: ఒక బిల్లుపై పార్లమెంటు కమిటీ సలహాలు కోరుతోందని పేపర్లో చిన్న ప్రకటన చూశాం. మాది చిన్న చేనేత సంఘం. మాలాంటివాళ్లు రాస్తే పట్టించుకుంటారా? ఎలా రాయాలి?
– సంఘ సభ్యులు, చీరాల

జవాబు: ఎవరైనా రాయొచ్చు. సంఘం పేరుతోనే రాయాలనేం లేదు, ఒక్క మనిషి రాసినా తీసుకుంటారు. ముందు గడువు చూసుకోండి. మామూలుగా ప్రకటన వెలువడిన రోజు నుంచి 15 రోజులు ఇస్తారు. అది మీ కంటపడిన రోజు నుంచి కాదు. పోస్టును నమ్ముకున్నవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. రెండు ప్రతులు స్పీడ్ పోస్టులో వేసి, ప్రకటనలో ఈమెయిల్ ఉంటే దానికీ పంపండి.

తర్వాత బిల్లు తెచ్చుకోండి. సభల వెబ్‌సైట్లలో దొరుకుతుంది. వార్త చదివి రాసిన వినతి వార్తకు జవాబులా ఉంటుందే తప్ప బిల్లుకు కాదు. సవరణ బిల్లయితే ‘ఫలానా సెక్షన్‌లో ఈ మాట బదులు ఆ మాట’ అని మాత్రమే ఉంటుంది, ఏమీ అర్థం కాదు. అలాంటప్పుడు చివరి పేజీలకు వెళ్లండి. మారబోయే పాత సెక్షన్లు అనుబంధంగా అక్కడే అచ్చేసి ఉంటాయి. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి.

రాసేటప్పుడు మొదటి పేరాలో మీరెవరో, ఈ బిల్లు మీ పనిని ఎక్కడ తాకుతుందో చెప్పండి. ఆపైన క్లాజుల (బిల్లులో నంబరు వేసి ఉండే భాగాల) వారీగా వెళ్లండి. ఒక్కో క్లాజుకు మూడే అంశాలు: ఇప్పుడున్న మాట, మీరు కోరే మాట, కారణం. ఉదాహరణకు ‘క్లాజు 9లో “తగిన గడువులోగా” అన్నది తీసి “30 రోజుల్లోగా” అని పెట్టాలి. గడువు అంకెల్లో లేకపోతే దరఖాస్తు ఎంతకాలం ఆగినా ఎవరినీ అడగలేం’. ఇలా రాస్తే సభ్యుడు దాన్ని యథాతథంగా సవరణగా ప్రతిపాదించవచ్చు. ‘ఈ బిల్లు నేతన్నల పొట్టకొడుతుంది’ అని రాస్తే ఆయన చేయగలిగింది తల ఊపడమే. మూడు నాలుగు పేజీలు దాటనివ్వకండి. లెక్కలు, రసీదుల నకళ్లు వెనక జతచేయండి.

ఒకే ఉత్తరాన్ని వెయ్యిమందితో పంపించడం మీద మాకు పెద్ద నమ్మకం లేదు. 2024లో వక్ఫ్ సవరణ బిల్లుపై వేసిన సంయుక్త కమిటీకి 97 లక్షలకు పైగా వినతులు వచ్చాయి. అంత రాశిలో ఒకే నమూనా కాగితాలు లెక్కకు పనికొస్తాయేమో గానీ, ఏ క్లాజులో ఏ మాట మారాలో చెప్పవు.

ఇంకో జాగ్రత్త. పంపిన వినతి కమిటీ రికార్డు అయిపోతుంది. దాన్ని వాట్సాప్ గ్రూపుల్లో తిప్పితే సభాహక్కుల ఉల్లంఘన కిందికి వస్తుందని చాలా ప్రకటనల్లోనే రాసి ఉంటుంది. ఎవరూ ఆ లైను దాకా చదవరు!

ప్రశ్న: తెలుగులో రాయొచ్చా? కమిటీ ముందు మాట్లాడాలంటే ఎవరి సిఫారసు కావాలి?
– ఒక రైతు, నల్గొండ

జవాబు: ప్రకటనలు అడిగేది ఇంగ్లీషు లేదా హిందీ. తెలుగులోనే రాసుకుని, అనువాదం చేయించి, రెండూ పంపండి. క్లాజు నంబర్లు తప్పకుండా సరిచూసుకోండి, అనువాదంలో జారిపోయేవి అవే.

సిఫారసు అక్కర్లేదు. మౌఖికంగా కూడా చెప్పదలిచామని వినతిలోనే స్పష్టంగా రాయాలి. రాయకపోతే పిలవరు. రాసినా పిలవాలా వద్దా అన్నది కమిటీ ఇష్టం, అప్పీలు లేదు. పిలుపు వస్తే తెలుగులోనే మాట్లాడగలమన్న సంగతి ముందే తెలపండి.

లోపల ఎక్కువ సమయం దొరకదు. వినతిని మళ్లీ చదవొద్దు, అది సభ్యుల ముందే ఉంటుంది. ముఖ్యమైన రెండు క్లాజులు చెప్పి ప్రశ్నలకు చోటివ్వండి. తెలియనిది అడిగితే ‘రాసి పంపుతాం’ అనొచ్చు. చెప్పిన ప్రతి మాటా రికార్డవుతుంది. సరిచూసుకోమని దాని ప్రతి పంపుతారు. అందులో తప్పుగా పడినవి దిద్దొచ్చు గానీ కొత్త వాదన చేర్చకూడదు. కమిటీ సమావేశాలు రహస్యంగా జరుగుతాయి కాబట్టి ప్రేక్షకులుగా వెళ్లి కూర్చునే వీలు లేదు, టీవీలోనూ రావు.

ఢిల్లీ వెళ్లలేనివారికి కమిటీల పర్యటనలు మంచి అవకాశం. వక్ఫ్ కమిటీ 2024 సెప్టెంబరులో హైదరాబాద్ వచ్చింది.

ప్రశ్న: మన అసెంబ్లీలో ఇలాంటివి ఉండవా?
– ఒక పాఠకురాలు, అనకాపల్లి

జవాబు: నిబంధనల్లో సెలక్ట్ కమిటీ (ఒక బిల్లును పరిశీలించడానికి వేసే సభ్యుల కమిటీ) ఉంది, వాడకం అరుదు. రెండు రాష్ట్రాల్లోనూ చాలా బిల్లులు పెట్టిన సమావేశాల్లోనే గట్టెక్కుతాయి. 2020 జనవరిలో మూడు రాజధానుల బిల్లులను సెలక్ట్ కమిటీకి పంపుతున్నట్టు ఆంధ్రప్రదేశ్ శాసనమండలి చైర్మన్ ప్రకటించారు, ఆ కమిటీ మాత్రం ఏర్పడనేలేదు. అందుకే ముసాయిదా దశలోనే పట్టుకోవాలి. 2024 ఆగస్టులో తెలంగాణ ప్రభుత్వం కొత్త భూ హక్కుల రికార్డుల బిల్లు ముసాయిదాను ఆన్‌లైన్లో పెట్టి అభిప్రాయాలు అడిగింది. అది ప్రభుత్వం అడగడం, సభా కమిటీ అడగడం కాదు. అయినా రాసే పద్ధతి అదే.

ప్రశ్న: మేం అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో ఉంటాం. ఇక్కడ బిల్లులపై చట్టసభ కమిటీ జరిపే హియరింగ్‌లో మాట్లాడాలంటే?
– ఒక పాఠకుడు, రెడ్‌మండ్

జవాబు: అక్కడ అంతా బహిరంగమే. చట్టసభ వెబ్‌సైట్లో కమిటీని, తేదీని, బిల్లును ఎంచుకుని పేరు నమోదు చేసుకోండి. రాష్ట్ర రాజధాని ఒలింపియా వెళ్లి గానీ, ఇంటి నుంచి జూమ్‌లో గానీ మాట్లాడొచ్చు. నమోదు హియరింగ్‌కు గంట ముందే మూతపడుతుంది. మాట్లాడటం ఇష్టం లేకపోతే అనుకూలమో వ్యతిరేకమో నమోదు చేసి ఊరుకోవచ్చు. రాతపూర్వకంగా అయితే హియరింగ్ మొదలైన సమయం నుంచి 24 గంటల దాకా పంపొచ్చు. మాట్లాడేవారు ఎక్కువైతే ఒక్కొక్కరికి ఒకటి రెండు నిమిషాలకు మించి దక్కదు. కాబట్టి బిల్లు నంబరు, మీ వైఖరి మొదటి వాక్యంలోనే చెప్పేయండి.