79 ఏళ్ల అమ్మకు తుంటి విరిగింది.. ఆపరేషన్‌కు తట్టుకుంటుందా?

ప్రశ్న: మాది నరసరావుపేట. అమ్మకు 79 ఏళ్లు. మొన్న రాత్రి బాత్‌రూమ్‌లో జారిపడింది. ఎడమ తుంటి దగ్గర తొడ ఎముక మెడ (తుంటి కీలు దగ్గర సన్నగా ఉండే భాగం) విరిగిందన్నారు. ఆరేళ్ల కిందట గుండెపోటు వస్తే స్టెంట్ వేశారు, రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ మాత్ర వాడుతోంది. ఉబ్బసం ఉంది. హిమోగ్లోబిన్ 9.4. మతిమరుపు లేదు, పడేదాకా తన పనులన్నీ తనే చేసుకునేది. మాత్ర ఆపి ఐదు రోజులు ఆగాలని ఆస్పత్రిలో అంటున్నారు. ‘ఈ వయసులో కోత ఎందుకు, పుత్తూరు కట్టు కట్టించండి’ అని బంధువులంటున్నారు. తుంటి విరిగితే నలుగురిలో ఒకరు ఏడాది తిరక్కుండానే పోతారట అని అమెరికాలో ఉన్న అక్క ఏడుస్తోంది. అమ్మ బతికే అవకాశం ఎంత?

జవాబు: మీ మెయిల్ అందిన సాయంత్రమే ‘ఆలస్యం చేయొద్దు’ అని మీకు విడిగా రాశాను. ఇదే సందిగ్ధంలో ఉన్న ఇళ్లు చాలా ఉంటాయి కాబట్టి ఇక్కడ వివరంగా చెబుతున్నాను.

మీ అక్క చదివింది అబద్ధం కాదు. అయితే ఆ లెక్కలో అప్పటికే మంచం పట్టినవాళ్లు, మనుషుల్ని గుర్తుపట్టలేనివాళ్లు, కిడ్నీలో గుండో బాగా దెబ్బతిన్నవాళ్లు అందరూ కలిసి ఉంటారు. అందుకే ఎక్స్‌రే చూడకముందే నేను ఇంట్లోవాళ్లను ఒక మాట అడుగుతాను: పడకముందు ఆవిడ తనంతట తను నడిచేదా? మీ అమ్మగారు నడిచేవారు. ఆ ఒక్క విషయమే నాకు చాలా ధైర్యమిస్తోంది.

తుంటి విరిగినవాళ్లకు నెలలోపు ప్రాణాపాయం ఎంతో అంచనా వేయడానికి ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ వైద్యులు 2008లో ఒక స్కోరు తయారుచేశారు. పాయింట్లు పెరిగేకొద్దీ ముప్పు ఎక్కువ. వయసు 66 నుంచి 85 మధ్య ఉంటే 3 పాయింట్లు, ఆ పైన 4. మగవారైతే ఒకటి, హిమోగ్లోబిన్ 10 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే ఒకటి. జ్ఞాపకశక్తి తగ్గినా, వృద్ధాశ్రమంలో ఉంటున్నా, రెండు మూడు పెద్ద జబ్బులున్నా, గత 20 ఏళ్లలో క్యాన్సర్ వచ్చినా ఒక్కొక్కటి. అమ్మగారికి వయసుకు 3, రక్తం తక్కువైనందుకు 1, గుండె, ఉబ్బసం కలిపి 1. మొత్తం 5. 2012లో సరిచేసిన లెక్క ప్రకారం ఈ స్కోరు ఉన్న వంద మందిలో దాదాపు ఏడుగురు నెలలోపు చనిపోతారు, 93 మంది బతుకుతారు. అయితే అది బ్రిటన్ రోగుల లెక్క. అక్కడ దాదాపు అందరికీ ఆపరేషన్ చేస్తారు, అదీ ఎక్కువమందికి చేరిన రోజో మర్నాడో. మన దగ్గర నాలుగైదు రోజులు గడిచిపోతే ఆ అంకెను నమ్ముకోలేం.

పుత్తూరు కట్టు మీద పెద్దలకున్న నమ్మకాన్ని నేను తక్కువ చేయను. కానీ తొడ ఎముక మెడ లోతుగా కండరాల కింద ఉంటుంది. పైనుంచి ఏ కట్టూ దాన్ని పట్టి ఉంచలేదు. కట్టు వేసి పడుకోబెడితే ప్రాణం తీసేది విరిగిన ఎముక కాదు, పడక. కదలకపోతే ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది, కాలి రక్తనాళాల్లో రక్తం గడ్డకడుతుంది, నడుము కింద పుండ్లు పడతాయి. ఆపరేషన్‌లో రిస్క్ ఉంది, నిజమే. చేయించకపోతే అంతకన్నా చాలా ఎక్కువ.

ఇక ఆ ఐదు రోజుల సంగతి. క్లోపిడోగ్రెల్ వాడుతున్నారన్న ఒక్క కారణంతో తుంటి ఆపరేషన్ వాయిదా వేయక్కర్లేదని ఇప్పటి మార్గదర్శకాలు చెబుతున్నాయి. వెన్నుకు ఇచ్చే మత్తు బదులు పూర్తి మత్తు ఇవ్వొచ్చు, రక్తం సిద్ధంగా పెట్టుకోవచ్చు. మత్తు డాక్టరుతో, గుండె డాక్టరుతో ఈ మాట సూటిగా అడగండి. స్టెంట్ ఉన్న మనిషికి మాత్ర మీ అంతట మీరు మాత్రం ఆపకండి. అలాగని గంటల లెక్కన పరుగులు పెట్టాల్సిన పనీ లేదు. ఆరు గంటల్లో చేసినా ఒక రోజులో చేసినా మరణాల్లో తేడా రాలేదని 2020లో వచ్చిన పెద్ద అధ్యయనంలో తేలింది. 36 నుంచి 48 గంటల్లోపు జరిగితే మంచిది. ఆలోగా నొప్పి తగ్గడానికి తొడ దగ్గర నరానికి మత్తు ఇంజెక్షన్ ఇవ్వమనండి. అర్ధరాత్రి నుంచి చుక్క నీళ్లు కూడా ఇవ్వకుండా ఎండబెట్టొద్దు. ఆపరేషన్‌కు రెండు గంటల ముందు వరకు మామూలు నీళ్లు తాగొచ్చేమో అడగండి.

ఆపరేషన్ అయ్యాక రెండు మూడు రోజులు ఆవిడ పొంతన లేకుండా మాట్లాడొచ్చు, మిమ్మల్ని వేరెవరో అనుకోవచ్చు. భయపడకండి, కానీ వెంటనే డాక్టరుకు చెప్పండి. కళ్లద్దాలు పెట్టండి, తెలిసిన మనిషి ఒకరు పక్కన ఉండండి. మర్నాడే కూర్చోబెట్టి వాకర్‌తో నిలబెట్టాలి. ‘నొప్పి, రేపు చూద్దాం’ అని ఆవిడ అన్నా సరే. పథ్యం పేరుతో చారన్నం మీద ఉంచకండి. గుడ్డు, పాలు, పప్పు రోజూ ఇవ్వండి.

చాలాచోట్ల మర్చిపోయేది ఎముక బలానికి మందు. తుంటి ఆపరేషన్ అయిన మూడు నెలల్లోపు, ఏడాదికోసారి ఇచ్చే జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్ మొదలుపెట్టినవారిలో మరణాలు 28 శాతం తగ్గినట్లు 2007 నాటి ఒక అధ్యయనంలో కనిపించింది. ముందు కిడ్నీ పరీక్ష, విటమిన్ డి, కాల్షియం చూస్తారు. డిశ్చార్జి రోజు కాగితంలో ఆ మందు ప్రస్తావన లేకపోతే, అడక్కుండా ఇంటికి రావొద్దు.