ముందు అది అక్కడ ఉందో లేదో చూడు

చిరంజీవి అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం, దానితో పంపిన పరిశోధన పథకం రెండుసార్లు చదివాను. అందులో ఒక బొమ్మ ఉంది. ప్రోటీన్‌కు దారితీయని ఒక పొడవాటి నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏ, జన్యువులను అణచే బుల్లి మైక్రో ఆర్‌ఎన్‌ఏ ఒకదాన్ని స్పంజిలా పీల్చేస్తుంది, దాంతో ఒక క్యాన్సర్ జన్యువుకు పగ్గాలు తెగుతాయి, ఊపిరితిత్తుల్లో కణితి పెరుగుతుంది. నాలుగు పెట్టెలు, మూడు బాణాలు. బొమ్మ ముచ్చటగానే ఉంది. అందుకే భయం వేసింది. పేర్లు మార్చి ఇదే బొమ్మను లెక్కలేనన్ని వ్యాసాల్లో చూశాను.

నేను చెప్పదలచింది ఒక్కటే. నీ ఆర్‌ఎన్‌ఏ ఏం చేస్తుందని అడిగే ముందు అది ఏ కణంలో, కణంలో ఎక్కడ, ఎన్ని ప్రతులుగా ఉందో తేల్చుకో. మొదటి ఆరు నెలలూ దీనికే పోయినా ఫరవాలేదు. మీ గురువుగారు తొందరపెడితే నా ఉత్తరం చూపించు, తిట్లు నేను పడతాను.

స్పంజి సంగతే తీసుకో. ఆ ఆలోచనకు బలం ఇచ్చినది 2013లో స్పంజిలా పనిచేస్తుందని తేలిన ఒక వలయాకార ఆర్‌ఎన్‌ఏ. దాని మీద మిర్-7 అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏ అంటుకునే చోట్లు డెబ్బైకి పైగా ఉన్నాయి, మెదడు కణాల్లో అది సమృద్ధిగా దొరుకుతుంది. నీ ఆర్‌ఎన్‌ఏ మీద ఉన్నది ఒక్క చోటు. పొడవాటి ఆర్‌ఎన్‌ఏల్లో చాలావాటికి కణానికి సగటున ఒక్క ప్రతి కూడా ఉండదు. నువ్వు ఎంచుకున్న మిర్-21 ఊపిరితిత్తుల కణితుల్లో వేల ప్రతుల్లో ఉంటుంది. ఏనుగు దాహానికి చూరునీళ్లు సరిపోతాయా? పైగా నీ ఆర్‌ఎన్‌ఏ కేంద్రకంలోనే ఉండిపోయే రకమైతే, పని అంతా ప్రధానంగా కణద్రవ్యంలో చేసుకునే మైక్రో ఆర్‌ఎన్‌ఏను అది కలుసుకునేది ఎప్పుడు? కేంద్రకాన్ని, కణద్రవ్యాన్ని వేరుచేసి కొలవడానికి వారం పడుతుంది. బాణం గీయడానికి నిమిషం చాలు. తేడా అక్కడే ఉంది.

కొలవడంలోనూ ఉచ్చులున్నాయి. ఇలాంటి ఆర్‌ఎన్‌ఏల్లో కొన్నింటికి ఎక్సాన్ (జన్యువులో చివరి ఆర్‌ఎన్‌ఏ దాకా మిగిలే భాగం) ఒక్కటే. రెండు ఎక్సాన్లు కలిసేచోట ప్రైమర్ (కొలతకు మొదలుగా వాడే చిన్న డీఎన్‌ఏ ముక్క) పెట్టే వెసులుబాటు ఉండదు కాబట్టి నమూనాలో మిగిలిపోయిన డీఎన్‌ఏ కూడా నీ ఆర్‌ఎన్‌ఏలాగే పీసీఆర్‌లో, అంటే వరుసను పెంచి కొలిచే పద్ధతిలో, వెలుగుతుంది. డీఎన్‌ఏను ముందే ఎంజైమ్‌తో తీసేయి. ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చే రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ వేయని గొట్టం ఒకటి ప్రతిసారీ పక్కన పెట్టు. ఆ గొట్టం కూడా వెలిగితే ఆ రోజు ఫలితాన్ని మరిచిపో. ఇక ప్రైమర్ల వరుసలను పాత వ్యాసాల నుంచి దించుకోవద్దు. జెన్నిఫర్ బర్న్, సిరిల్ లాబే అనే పరిశోధకులు కలిసి ఇలాంటి క్యాన్సర్ వ్యాసాలను యంత్రంతో జల్లెడ పట్టి, చెప్పిన జన్యువుకు అసలు సంబంధమే లేని వరుసలను ఎన్నో పట్టుకున్నారు. ప్రతి వరుసనూ నువ్వే బ్లాస్ట్‌లో (వరుస ఏ జన్యువుదో వెతికిచ్చే ప్రోగ్రామ్‌లో) వేసి చూసుకో.

కణాల విషయం క్లుప్తంగా చెబుతాను. ఎ549 అనే ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాలు 1972 నుంచి ప్రయోగశాలల్లో పెరుగుతున్నవి. వాటిలో కణితిని అడ్డుకునే పీ53 జన్యువు చెక్కుచెదరలేదు, పెరుగుదలను నడిపే కేరాస్ జన్యువు మారిపోయింది. హెచ్1299 కణాల్లో పీ53 అసలే లేదు. రెండింటిలోనూ ఒకే ఫలితం వస్తే సంతోషించు, వేర్వేరుగా వస్తే ఇంకా సంతోషించు, అక్కడ కథ ఉన్నట్టే. బీస్-2బీ అనే శ్వాసనాళ కణాలను ‘మామూలు’ కణాలని రాయకు, వైరస్ జన్యువులతో చిరంజీవులుగా మార్చినవి అవి. సీసా మీద ఏ పేరున్నా కణాలు ఎవరివో తేల్చే ఎస్‌టీఆర్ డీఎన్‌ఏ పరీక్ష చేయించాకే నమ్ము.

కణితి ముక్కనూ పక్కనున్న మంచి ముక్కనూ పోల్చి, ఫలానా ఆర్‌ఎన్‌ఏ తగ్గింది అని రాయబోతున్నావు కదా, కాస్త ఆగు. మిర్-126 చాలా వ్యాసాల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో తగ్గిన ఆర్‌ఎన్‌ఏగా కనిపిస్తుంది. అది ప్రధానంగా రక్తనాళాల లోపొర కణాలది. మంచి ఊపిరితిత్తి అంటేనే సన్నని రక్తనాళాల వల. కణితి ముక్కలో ఆ కణాల వాటా తగ్గితే, క్యాన్సర్ కణంలో ఏ మార్పూ లేకుండానే అంకె పడిపోతుంది. ముక్కను నూరి కొలిస్తే ఇది కనబడదు. పలుచటి కోత మీద ఆర్‌ఎన్‌ఏ ఏ కణంలో మెరుస్తుందో సూక్ష్మదర్శినిలో కళ్లారా చూడాలి.

రక్తంలో మైక్రో ఆర్‌ఎన్‌ఏ కొలిచి క్యాన్సర్‌ను ముందే పట్టాలన్న కోరిక నీకూ ఉందని గమనించాను. నాకూ ఉండేది. ఒకసారి రోగుల ప్లాస్మాలో మిర్-486, మిర్-451 బాగా పెరిగినట్టు చూసి, రెండు నెలలు మేఘాల్లో నడిచాం. ఒకరోజు మా సాంకేతిక సహాయకురాలు గొట్టాలను వెలుతురులో పట్టుకుని, “మేడమ్, రోగుల గొట్టాలన్నీ కొంచెం ఎర్రగా ఉన్నాయి, చూశారా?” అంది. రోగుల రక్తం వార్డులో తీసి గంటల తరబడి అలా ఉంచేవారు. ఆరోగ్యవంతుల రక్తాన్ని మేమే తీసి వెంటనే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పేవాళ్లం. ఎర్ర రక్తకణాలు పగిలి, వాటిలో దండిగా ఉండే ఆ ఆర్‌ఎన్‌ఏలు బయటికొచ్చాయి. మేం కొలిచింది క్యాన్సర్‌ను కాదు, ఆలస్యాన్ని. ఆ అమ్మాయి కళ్లు లేకపోతే అది అచ్చయ్యేది కూడా. నాలా చేయకు: ప్రతి నమూనాకూ 414 నానోమీటర్ల కాంతి దగ్గర హిమోగ్లోబిన్ ఎంతుందో చూడు, ఎర్రకణాల మిర్-451కూ, అవి పగిలినా అంతగా మారని మిర్-23ఎకూ నిష్పత్తి లెక్క వేయి. మిగతావాటిని పోల్చే కొలబద్దగా మిర్-16ను వాడదామంటారు కొందరు, అదీ ఎర్రకణాల్లో నిండుగా ఉండేదే. రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ వేసిన గొట్టాలు వద్దు, పీసీఆర్‌ను పాడుచేస్తాయి. పోల్చే ఆరోగ్యవంతుల్లో అదే వయసువాళ్లు, అంతే సిగరెట్లు కాల్చినవాళ్లు లేకపోతే నువ్వు పట్టేది పొగను.

ఇవన్నీ దాటాక ‘ఏం చేస్తుంది’ అన్న ప్రశ్న. కేంద్రకంలో ఉండే ఆర్‌ఎన్‌ఏను ఆర్‌ఎన్‌ఏలను తగ్గించడానికి మామూలుగా వాడే ఎస్ఐ-ఆర్‌ఎన్‌ఏ అనే చిన్న ముక్కలతో తగ్గించడం కష్టం, దానికి అతుక్కుని కేంద్రకంలోనే తెగేలా చేసే యాంటీసెన్స్ ముక్కలు మేలు. క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో జన్యువునే కత్తిరిస్తే పక్క జన్యువును పనిలో పెట్టే భాగం (ప్రమోటర్) కూడా పోవచ్చు, అప్పుడు ఫలితం ఎవరిదో చెప్పలేవు. తీసేశాక మళ్లీ చేర్చి చూడు. ఇందుకు మాలాట్-1 అనే పొడవాటి ఆర్‌ఎన్‌ఏ చరిత్ర చదవాలి. 2003లో తొలిదశ ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల్లో, తర్వాత వ్యాపించిన కణితులకూ వ్యాపించనివాటికీ తేడా వెతుకుతుండగా దొరికింది, పేరులోనే ‘మెటాస్టాసిస్’ (క్యాన్సర్ వ్యాప్తి) ఉంది. 2012లో అది లేని ఎలుకలు హాయిగా తిరిగాయి. 2013లో ఎ549 కణాల్లో దాన్ని వెయ్యి రెట్లకు పైగా తగ్గిస్తే వ్యాప్తి తగ్గింది. 2018లో ఎలుకల రొమ్ము క్యాన్సర్‌లో దాన్ని ఆపితే వ్యాప్తి పెరిగింది, తిరిగి చేర్చితే తగ్గింది. ఆ చివరి మాటను నమ్మించింది తిరిగి చేర్చడమే. ‘మాలాట్-1 క్యాన్సర్‌ను పెంచుతుంది’ అని పథకం మొదటి పేజీలో ఒక్క వాక్యంలో రాశావు చూడు, దాన్ని కొట్టేయి.

మంచి ఉదాహరణ కావాలంటే లెట్-7 అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏను చూడు. 2000లో పురుగులో దొరికింది. 2004లో, అది తక్కువగా ఉన్న ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులు శస్త్రచికిత్స తర్వాత తక్కువకాలం బతికారని తేలింది. 2005లో, క్యాన్సర్‌ను నడిపే రాస్ జన్యువుల సందేశ ఆర్‌ఎన్‌ఏ చివర లెట్-7 అంటుకునే చోట్లు చూపించారు. కణితుల్లో లెట్-7 తగ్గినచోట రాస్ ప్రోటీన్ పెరిగి ఉంది. పురుగులోనూ మనిషిలోనూ అదే సంబంధం. ఒక్కో మెట్టూ కొలిచి కట్టిన బాణం అది.

చికిత్స గురించిన పేరా ఇప్పుడే వద్దు. మిర్-34ను మందుగా 2013లో రోగులకు ఇవ్వడం మొదలుపెట్టి, తీవ్రమైన రోగనిరోధక ప్రతిచర్యల వల్ల 2016లో ఆపేశారు. దాని వెనుక ఎన్నో ఏళ్ల గట్టి పని ఉంది. నీ వెనుక ఇంకా ఒక బొమ్మే ఉంది.

వచ్చే ఉత్తరంలో కణానికి ఎన్ని ప్రతులో ఆ అంకె, సూక్ష్మదర్శిని చిత్రం ఒకటి పంపు. కొత్త బొమ్మ గీసి పంపావో, తెరవకుండానే తిప్పి పంపుతాను.

ఇట్లు,
నీ పెద్దమ్మ