సుంకం లేకపోవడం వేరు, ఉమ్మడి మార్కెట్ వేరు

యూరప్ ఉమ్మడి మార్కెట్ అంటే సరిహద్దుల్లో పన్ను లేకపోవడమేనా అని అడిగారు. అది సగమే, అందులోనూ తేలికైన సగం. ఇప్పటి యూరోపియన్ యూనియన్‌కు ముందున్న కూటమిలోని ఆరు సభ్యదేశాలు తమ మధ్య సుంకాలను 1968లోనే ఎత్తేశాయి. ఉమ్మడి మార్కెట్ మాత్రం 1993 జనవరి 1న గానీ మొదలవలేదు. మధ్యలో పాతికేళ్లు లారీలు సరిహద్దుల దగ్గర ఆగుతూనే ఉన్నాయి, ఎందుకంటే ఏ దేశం రూల్స్ ఆ దేశానివే.

దారి మార్చింది 1979 నాటి ఒక తీర్పు. ఫ్రాన్స్‌లో చేసే కాసిస్ అనే పండ్ల మద్యాన్ని జర్మనీ అమ్మనివ్వలేదు. అక్కడి చట్టం ప్రకారం ఆల్కహాల్ 25 శాతమైనా ఉండాలి, ఇందులో అంత లేదు. యూరప్ కోర్టు దీనికి ఒప్పుకోలేదు. ఒక సభ్యదేశంలో చట్టబద్ధంగా అమ్ముడయ్యే సరుకును గట్టి కారణం లేకుండా ఇంకో దేశం ఆపకూడదంది. నా దృష్టిలో మొత్తం వ్యవస్థకు ఇదే ఆయువుపట్టు. భద్రత ముఖ్యమైన చోట అందరూ కలిసి ఒకే రూల్ రాసుకుంటారు. బొమ్మల మీద, చార్జర్ల మీద ఉండే సీఈ ముద్ర ఆ రూల్ పాటించామని తయారీదారు చెప్పే మాట.

నేను నెదర్లాండ్స్‌లో, జర్మనీ సరిహద్దు పక్కనే ఉన్న వెన్లోలో ఒక గోడౌన్‌లో లోడింగ్ కాగితాలు చూస్తాను. జర్మనీ లోడ్ అయితే డ్రైవర్ చేతికి వేబిల్, ఇన్వాయిస్ ఇస్తే చాలు, కస్టమ్స్ డిక్లరేషన్ ఉండదు. వ్యాట్ మాత్రం ఎక్కడికీ పోలేదు. కొనే కంపెనీ వ్యాట్ నంబర్ చెల్లుతుందో లేదో ఆన్‌లైన్‌లో చూసి మేం బిల్లులో సున్నా వేస్తాం, వాళ్లు తమ దేశం రేటుతో లెక్క చూపుకుంటారు. ఆ రేటు లగ్జెంబర్గ్‌లో 17 శాతమైతే హంగరీలో 27.

తేడా తెలియాలంటే బ్రిటన్ లోడ్ చూడాలి. 2021 నుంచి బ్రిటన్ ఈ మార్కెట్‌లో లేదు. బ్రిటన్‌తో యూరోపియన్ యూనియన్ చేసుకున్న వాణిజ్య ఒప్పందం వల్ల, యూనియన్ దేశాల్లో తయారైన సరుకుకు సుంకం ఇప్పటికీ సున్నాయే. అయినా ఎగుమతి డిక్లరేషన్ కావాలి, సరుకు ఎక్కడ తయారైందో చూపాలి. ఆఖరికి సరుకు కింద పెట్టే చెక్క ప్యాలెట్ మీద కూడా, పురుగు లేకుండా శుద్ధి చేసినట్టు గోధుమ కంకి ముద్ర ఉండాలి. ఒకసారి ఆ ముద్ర అరిగిపోయి కనిపించకపోతే లోడంతా దింపి వేరే ప్యాలెట్ల మీదకు మార్చాం. అవే ప్యాలెట్లు జర్మనీకైతే ఎవరూ అడగరు.

దీన్ని షెంగెన్‌తోనూ, అంటే సరిహద్దుల్లో పాస్‌పోర్ట్ తనిఖీ లేకుండా తిరిగే ఏర్పాటుతోనూ, కలపకండి. ఐర్లాండ్ ఈ మార్కెట్‌లో ఉంది, షెంగెన్‌లో లేదు. నార్వే యూరోపియన్ యూనియన్‌లోనే లేదు, మార్కెట్‌లో మాత్రం ఉంది.

మనవాళ్లకు ముఖ్యమైనది ఇంకొకటి. ఈ మార్కెట్‌లో ఎక్కడైనా ఉద్యోగం చేసుకునే హక్కు ప్రధానంగా ఆ దేశాల పౌరులది. మామూలు డచ్ (నెదర్లాండ్స్) వర్క్ పర్మిట్‌తో జర్మనీ చూసి రావచ్చు గానీ అక్కడ ఉద్యోగంలో చేరలేం. అక్కడ ఆఫర్ వస్తే ఆ దేశం పర్మిట్‌కు విడిగా అప్లై చేసుకోవాల్సిందే.